మోనోవై ఊళ్ళో ఉన్నది ఒకరా, ఇద్దరా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో మోనోవై అనే ఊళ్ళో ఒకే ఒక్క మనిషి ఉన్నారని ఏళ్ళ తరబడి పత్రికల్లో చదివారు, తీరా 2020 జనాభా లెక్కల పట్టిక తెరిచి చూస్తే అక్కడ 2 అని ఉంది. ఆ రెండో మనిషి ఎవరు, ఊరు ఆ స్థితికి ఎలా వచ్చింది, ఒక్కరే మిగిలితే దాన్ని ఇంకా ఊరని ఎందుకు అంటున్నారు అన్నవి మీ సందేహాలు. ముందుగా సూటి జవాబు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళతాను. రెండో మనిషి లేరు. 2010 నాటి 1 లెక్కపెట్టిన సంఖ్య. 2020 నాటి 2 లెక్కపెట్టిన తర్వాత కావాలని మార్చి అచ్చు వేసిన సంఖ్య. చిన్న ఊళ్ళ జనాభా పట్టికలతోనే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది కాబట్టి ఈ తేడా నాకు వింతగా తోచదు గానీ, కొత్తగా చూసేవారు పొరపడడం సహజమే.

మోనోవై నెబ్రాస్కా ఈశాన్య భాగంలో, దక్షిణ డకోటా సరిహద్దుకు దగ్గరగా, బాయ్డ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉంది. ఊరికి ఉత్తరాన మిస్సోరి నది, దక్షిణాన నయోబ్రారా నది. మధ్యలో అలలు అలలుగా లేచి పడే గడ్డి నేల. ఊరి విస్తీర్ణం 0.21 చదరపు మైళ్ళు, అంటే సుమారు 135 ఎకరాలు. మోనోవై అన్న మాటకు స్థానిక తెగల భాషలో 'పువ్వు' అని అర్థమని, అక్కడ అడవిపూలు విరివిగా పూయడం వల్ల ఆ పేరు పెట్టారని చెబుతారు. ఏ తెగ భాషో మాత్రం ఎవరూ తేల్చలేదు. నేను ఒమాహా నుంచి నాలుగు గంటలు కారులో వెళ్ళి ఒకసారి ఆ ఊరు చూశాను. 12వ నంబరు రాష్ట్ర రహదారి పక్కన పచ్చ రేకు బోర్డు మీద ఊరి పేరు, దాని పక్కనే 1 అన్న అంకె ఉన్నాయి. బోర్డు దాటాక కిటికీల దాకా గడ్డి పెరిగిన ఇళ్ళు, పైకప్పులు కుంగినవి, ఒకటి రెండు పక్కకు ఒరిగినవి. వాటి మధ్య వెల్లవేసిన చిన్న భవనంలో ఊరి బీరు దుకాణం, అదే భోజనశాల. ఊరు మొత్తం మీద అందరికంటే చల్లటి బీరు తమ దగ్గరే దొరుకుతుందని దాని ముందు ఒక పలక ఉంది. పోటీకి మరో దుకాణమే లేదు కనుక ఆ మాటను ఎవరూ కాదనలేరు.

ఈ ఊరి చరిత్రను సాధారణంగా రైలు వచ్చిన రోజు నుంచి మొదలుపెడతారు. అది సరికాదని నా అభిప్రాయం. ఊరికి దగ్గరగా పారే వాగు పేరు పోంకా క్రీక్. నయోబ్రారా నది మిస్సోరిలో కలిసే ఆ ప్రాంతమంతా పోంకా తెగవారి సొంత నేల. 1868లో అమెరికా ప్రభుత్వం సూ తెగలతో ఫోర్ట్ లారమీ ఒప్పందం రాసుకున్నప్పుడు పొరపాటున పోంకాల భూమిని కూడా సూలకు కేటాయించిన భూమిలో కలిపేసింది. తాను చేసిన తప్పును దిద్దుకోవడానికి బదులు 1877లో పోంకాలనే అక్కడి నుంచి లేపి, నేటి ఓక్లహోమాకు బలవంతంగా నడిపించింది. అక్కడ జబ్బులతో చాలామంది చనిపోయారు. తెగ పెద్దల్లో ఒకరైన స్టాండింగ్ బేర్, చనిపోయిన తన కొడుకు ఎముకలను సొంత నేలలో పూడ్చాలని 1879 జనవరి చలిలో ముప్పై మంది వరకు తనవాళ్ళతో ఉత్తరానికి బయలుదేరి, దారిలో అరెస్టయ్యాడు. ఒమాహాలో నడిచిన ఆ కేసులో 1879 మేలో న్యాయమూర్తి ఎల్మర్ డండీ, ఆదివాసీ కూడా చట్టం దృష్టిలో 'వ్యక్తి'యేనని తీర్పు చెప్పాడు. ఒక మనిషిని మనిషిగా లెక్కించాలా వద్దా అన్న ప్రశ్న ఈ నేల మీద జనాభా లెక్కలకన్నా ముందే కోర్టుకు ఎక్కిందన్న మాట.

ఆ తర్వాత జరిగినవన్నీ వేగంగా జరిగాయి. నయోబ్రారాకు ఉత్తరాన 43వ అక్షాంశం దాకా ఉన్న భూమిని 1882లో అమెరికా కాంగ్రెసు (అక్కడి పార్లమెంటు) డకోటా నుంచి తీసి నెబ్రాస్కాలో కలపడానికి చట్టం చేసింది. ఆదివాసీల హక్కులు రద్దయ్యాక 1890లో అది అమల్లోకి వచ్చింది. 1891లో బాయ్డ్ కౌంటీ ఏర్పడింది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్ళు కాపురముండి సాగు చేసిన కుటుంబానికి 160 ఎకరాలు దక్కేవి. 1900 తర్వాత ఒకటి రెండేళ్ళలోనే ఫ్రీమాంట్, ఎల్క్‌హార్న్ అండ్ మిస్సోరి వ్యాలీ రైల్వే తన పట్టాలను నయోబ్రారా అనే ఊరి నుంచి వెర్డెల్, మోనోవై, లించ్, స్పెన్సర్ మీదుగా దక్షిణ డకోటాలోని బోన్‌స్టీల్ దాకా పొడిగించింది. మోనోవైలో పోస్టాఫీసు 1902లో తెరుచుకుంది. 1904లో ఆ రైలు చివరి స్టేషనుకు అవతల రోజ్‌బడ్ ప్రాంతపు భూములను లాటరీ పద్ధతిన పంచినప్పుడు, దాదాపు 2,400 కమతాల కోసం లక్షమందికి పైగా పేర్లు రాయించుకున్నారు. భూమి మీద అంత ఆశ ఉన్న రోజుల్లో పుట్టిన ఊరు ఇది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మన ఊళ్ళు చెరువు పక్కనో, ఏటి ఒడ్డునో, కోట నీడనో పుట్టి, శతాబ్దాలు బతికాక వాటి దగ్గరకు రైలు వచ్చింది. ప్రెయిరీలో, అంటే ఈ గడ్డి మైదానాల్లో, సరిగ్గా తలకిందులు: రైలు కంపెనీ ముందు పటం మీద చుక్క పెట్టింది, ఆ చుక్క చుట్టూ ఊరు మొలిచింది. గుర్రపు బండి మీద ధాన్యం వేసుకుని పొద్దున బయలుదేరిన రైతు చీకటి పడేలోగా ఇల్లు చేరాలి కాబట్టి, ఏడెనిమిది మైళ్ళకు ఒక స్టేషను, ఒక ధాన్యపు గిడ్డంగి అవసరమయ్యాయి. అంటే ఊరికీ ఊరికీ మధ్య దూరాన్ని నిర్ణయించింది గుర్రం శక్తి. గుర్రం పోయిన రోజున ఆ దూరానికి అర్థం లేకుండా పోయింది. మోనోవై తర్వాతి కథంతా ఈ ఒక్క మాటలోనే ఉందని నేను అనుకుంటాను; తక్కినవి దానికి తోడైన కారణాలు.

జనాభా లెక్కల వరుస చూడండి. 1910లో 109 మంది. 1930లో 123 మంది. జనగణనలో నమోదైన గరిష్ఠ సంఖ్య ఇదే. పత్రికలు తరచుగా రాసే 150 అన్న సంఖ్య 1930ల నాటి స్థానిక అంచనా, జనగణన లెక్క కాదు. 1940లో 99, 1950లో 67, 1960లో 40, 1970లో 16. 1980లో 18కి పెరిగింది గానీ ఆ పెరుగుదలను పెద్దగా పట్టించుకోనక్కర లేదు, ఒక్క సంసారం వచ్చి చేరితే ఇంత చిన్న ఊళ్ళో గీత పైకి లేస్తుంది. 1990లో 6, 2000లో 2, 2010లో 1. ఒక్క ఊరినే చూసి దీన్ని విచిత్రంగా భావించకండి. బాయ్డ్ కౌంటీ మొత్తం 1910లో 8,826 మందితో ఉండి, 2000 నాటికి 2,438కి, 2010 నాటికి 2,099కి, 2020 నాటికి 1,810కి దిగింది. అదే కౌంటీలోని గ్రాస్ అనే మరో ఊళ్ళో 2010లో ఇద్దరే ఉన్నారు. మోనోవై ఒంటరి ఉదాహరణ కాదు, ఒకే జారుడు బల్ల మీద అందరికంటే కిందకు చేరినది.

ఎందుకు జారిందో తెలియాలంటే చిన్న లెక్క వేద్దాం. ప్రెయిరీలో భూమిని 36 చదరపు మైళ్ళ చతురస్రాలుగా కొలిచారు, అంటే ఒక్కోటి 23,040 ఎకరాలు. కుటుంబానికి 160 ఎకరాల చొప్పున పంచితే అందులో 144 కుటుంబాలు పడతాయి. 2017 వ్యవసాయ గణన ప్రకారం నెబ్రాస్కాలో సగటు కమతం 971 ఎకరాలు. అదే చతురస్రంలో ఇప్పుడు పట్టేది 24 కుటుంబాలు. ఒక్కో ఇంట్లో పిల్లల సంఖ్య కూడా సగానికి పైగా తగ్గిందని గుర్తుంచుకుంటే, ఊరి బడికి వచ్చే పిల్లలు, కొట్లో ఉప్పూ పంచదారా కొనే చేతులు ఎంతగా తగ్గిపోయాయో ఊహించవచ్చు. 1934లోనూ 1936లోనూ పడిన కరువులు, పంట ధరల పతనం మొదటి దెబ్బ కొట్టాయి. తర్వాత ట్రాక్టరు వచ్చి పది మంది చేసే పనిని ఒకరి చేతిలో పెట్టింది. చాలామంది కరువునే ప్రధాన కారణంగా చెబుతారు గానీ అంకెలు ఆ మాటను అంతగా సమర్థించవు: 1930 నుంచి 1940 వరకు ఊరు పోగొట్టుకున్నది అయిదోవంతు, వానలు మెరుగ్గా పడి ధరలు బాగున్న 1940లలో పోగొట్టుకున్నది మూడోవంతు. కరువు కన్నా, యంత్రాలు కొనగలిగిన మంచి కాలమే ఊరిని ఎక్కువగా ఖాళీ చేసింది.

మూత పడిన వాటి వరుస కూడా ఒక కథ చెబుతుంది. ఊరి చర్చిలో చివరి అంత్యక్రియ 1960లో జరిగింది. పోస్టాఫీసు 1967లో మూతపడింది. ఆ రెండు మూడేళ్ళలోనే ఊళ్ళోని మూడు కిరాణా కొట్లలో చివరిది కూడా పోయింది. బడి 1974లో మూతపడింది. ప్రతి మూత తర్వాతి మూతకు కారణమవుతుంది: ఉత్తరం వేయడానికి పక్క ఊరికి వెళ్ళిన మనిషి సరుకులు కూడా అక్కడే కొంటాడు, సరుకులు కొన్నచోటే పిల్లలను బడిలో వేస్తాడు. అలా లాభపడిన పక్క ఊరు లించ్ కూడా నిలబడలేదు. 2010లో 245 మంది, 2020లో 194 మంది. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలు చదువుకో ఉద్యోగానికో వెళ్ళి తిరిగి రాకపోతే, కొన్నేళ్ళకు ఊళ్ళో పిల్లలు పుట్టే వయసువారే ఉండరు. అక్కడి నుంచి వలస ఆగినా జనాభా తగ్గుతూనే ఉంటుంది, ఎందుకంటే ఇక మిగిలింది మరణాలు మాత్రమే.

2000 నాటి ఇద్దరు భార్యాభర్తలు. వారు 1971 నుంచి ఆ బీరు దుకాణం నడిపారు. పిల్లలు పెద్దవాళ్ళై పని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. 2004లో భర్త కన్నుమూశారు, ఊళ్ళో భార్య ఒక్కరే మిగిలారు. ఆయనకు పుస్తకాలంటే ప్రాణం. ఆయన పోగుచేసిన సుమారు 5,000 పుస్తకాలు, పత్రికలతో ఒక చిన్న గదిలో ఆయన పేరిట గ్రంథాలయం ఏర్పాటైంది. ఊరి జనాభా ఒకటి, గ్రంథాలయంలో పుస్తకాలు అయిదు వేలు: తలసరి పుస్తకాల లెక్క వేస్తే ప్రపంచంలో ఈ ఊరిని మించినది ఉంటుందనుకోను.

ఇక ఊరన్న హోదా సంగతి. నెబ్రాస్కాలో 'విలేజ్' అన్నది ఇళ్ళ గుంపుకు పెట్టిన పేరు కాదు, చట్టబద్ధంగా నమోదైన స్థానిక సంస్థ. మన పంచాయతీ లాంటిది, దానికి సొంత పన్ను, సొంత బడ్జెట్టు ఉంటాయి. మామూలుగా అయిదుగురు సభ్యుల బోర్డు నడపవలసిన ఆ వ్యవహారమంతా మోనోవైలో ఆ ఒక్క ఆవిడ చేతి మీదే నడిచింది. మేయరు, గుమాస్తా, కోశాధికారి, గ్రంథాలయాధికారి, దుకాణం యజమాని అన్నీ ఆవిడే. ఎన్నికల నోటీసు తానే అంటించి తన ఓటు తానే వేసుకోవడం, తన దుకాణపు మద్యం లైసెన్సు కాగితాలపై ఊరి తరఫున తానే సంతకం పెట్టడం, తన మీద తానే ఏటా 500 డాలర్ల దాకా పన్ను వేసుకుని కట్టడం పత్రికలకు ముచ్చటైన కథలయ్యాయి. వాటికన్నా నాకు ముఖ్యంగా తోచినది ఇంకొకటి. రాష్ట్రం నుంచి నిధులు రావాలంటే ఏటా ఊరి రోడ్ల ప్రణాళిక సమర్పించాలి. ఆ నిధులతోనే ఊళ్ళోని నాలుగు వీధిదీపాలు వెలుగుతాయి. కాగితం పంపడం ఆపిన సంవత్సరం దీపాలు ఆరతాయి. ఊరిని ఊరుగా నిలిపినది జనసంఖ్య కాదు, ఏటేటా తప్పకుండా పంపిన ఆ కాగితం.

ఇక్కడ మన రెవెన్యూ పరిభాష ఒకటి గుర్తుకు వస్తుంది. తెలంగాణ పాత రికార్డుల్లో మనుషులు కాపురముండని గ్రామాన్ని 'బేచిరాగ్' అని రాసేవారు. ఇప్పటికీ పట్వారీ లెక్కలు చూసినవారి నోట 'బేచిరాక్ గ్రామం' అన్న మాట వినిపిస్తుంది. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం పెట్టే దిక్కు లేనిది. ఆంధ్రలో దాన్నే నిర్జన గ్రామం అంటారు. 2011 జనగణనలో దేశం మొత్తం మీద నమోదైన సుమారు 6.4 లక్షల గ్రామాలలో 40 వేలకు పైగా ఇలాంటివే. మన దగ్గర గ్రామం అంటే ముందు హద్దులు, సర్వే నంబర్లు. జనం ఉన్నా లేకున్నా అది పటం మీద ఉంటుంది. నెబ్రాస్కాలో గ్రామం అంటే ముందు సంస్థ. అందుకే ఒకే మనిషి ఉన్న ఊళ్ళు అని జాబితాలు రాసేవారు వ్యోమింగ్‌లోని బ్యూఫోర్డ్‌ను మోనోవైతో కలపడం తప్పు. బ్యూఫోర్డ్‌కు చట్టబద్ధమైన సంస్థ హోదా ఎప్పుడూ లేదు, 2012లో వేలంలో 9 లక్షల డాలర్లకు అమ్ముడైనది ప్రైవేటు ఆస్తి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. అమెరికా జనగణనలో ప్రతి వ్యక్తి సమాచారాన్నీ గోప్యంగా ఉంచాలని చట్టం ఉంది. ఉల్లంఘించిన ఉద్యోగికి అయిదేళ్ళ జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. లక్ష మంది ఉన్న పట్టణంలో వయసు, లింగం, జాతి వారీగా పట్టికలు వేసినా ఎవరి గుట్టూ బయటపడదు. మోనోవైలో మాత్రం ఏ పట్టిక వేసినా అది ఒకే మనిషి సొంత వివరాల పట్టీ అవుతుంది. 2010 వరకు దీనికి పాత ఉపాయం ఒకటి ఉండేది: ఒక ఊళ్ళోని కొన్ని కుటుంబాల రికార్డులను దగ్గరి ఊళ్ళోని అలాంటి కుటుంబాల రికార్డులతో రహస్యంగా తారుమారు చేసేవారు. ఆ పద్ధతిలో ఊరి మొత్తం జనసంఖ్య మారదు. అందుకే 2010 నాటి 1ని నిస్సంకోచంగా నమ్మవచ్చు.

తర్వాత జనగణన సంస్థ నిపుణులే తమ 2010 పట్టికలను కంప్యూటర్లతో వెనక్కి విప్పి చూశారు. అచ్చైన పట్టికల నుంచే దేశ జనాభాలో 46 శాతం మంది విషయంలో నివసించే బ్లాకు (జనగణన పట్టికల్లో అన్నిటికన్నా చిన్న ప్రాంతం), లింగం, వయసు, జాతి వివరాలను ఉన్నవి ఉన్నట్టు తిరిగి కూర్చగలిగామని 2019లో ప్రకటించారు. దాంతో 2020కి డిఫరెన్షియల్ ప్రైవసీ అనే గణిత పద్ధతిని తెచ్చారు. దీని పని తీరు పెద్ద మర్మమేమీ కాదు. ప్రతి చిన్న ప్రాంతపు లెక్కకూ పాచిక వేసినట్టు యాదృచ్ఛికంగా వచ్చిన ఒక చిన్న సంఖ్యను కలుపుతారు లేదా తీసివేస్తారు. ఆ కల్తీ ఎంత ఉండాలో ఎప్సిలాన్ అనే కొలత నిర్ణయిస్తుంది, 2021 ఆగస్టులో విడుదలైన పట్టికలకు అది మొత్తం 19.61. కల్తీ కలిపాక కొన్ని చోట్ల జనాభా సున్నా కన్నా తక్కువ అవుతుంది. అలా ఉండకూడదు కాబట్టి వాటిని సరిదిద్ది, కూడితే రాష్ట్రం మొత్తానికి సరిపోయేట్టు సర్దుతారు. ఈ సర్దుబాటులో మరీ చిన్న ఊళ్ళు కాస్త ఉబ్బడం, పెద్దవి ఆ మేరకు తగ్గడం తరచుగా జరుగుతుంది. రాష్ట్రాల మొత్తం జనసంఖ్యను మాత్రం అసలు ముట్టుకోరు. నెబ్రాస్కా 19,61,504 అన్నది కల్తీ లేని లెక్క. మోనోవై పక్కన పడ్డ రెండో మనిషి ఈ పాచికలో నుంచి వచ్చినవారే. విచిత్రమేమిటంటే, ఎవరి గోప్యత కోసం ఇంత గణితం చేశారో ఆవిడ వయసు, పేరు, దుకాణంలో ఏం వండుతారన్నది సహా ప్రపంచంలోని సగం పత్రికలు అప్పటికే అచ్చు వేశాయి. అయినా చట్టం అందరికీ ఒకటే కాబట్టి సంస్థను తప్పుపట్టలేను.

దీని వల్ల పట్టికల్లో వింతలు కనిపిస్తాయి: పెద్దవాళ్ళు ఒక్కరూ లేకుండా పిల్లలే ఉన్నట్టు చూపే బ్లాకులు, ఇళ్ళన్నీ ఖాళీ అని చెబుతూనే జనం ఉన్నారనే బ్లాకులు. వీటిని చూసి గణన సిబ్బంది నిర్లక్ష్యమని అనుకోవద్దు. శాతాలు మాత్రం అసలు వాడకండి. 2000 నుంచి 2010కి మోనోవై సగానికి తగ్గింది, 2010 నుంచి 2020కి నూటికి నూరు శాతం పెరిగింది అని ఎవరైనా రాస్తే అంకగణితం ప్రకారం తప్పు పట్టలేము, కానీ ఆ వాక్యంలో సమాచారం ఏమీ లేదు.

మీ వ్యాసంలో వాడుకోవడానికైతే ఇలా చేయండి. 1910 నుంచి 2010 దాకా ఉన్న సంఖ్యలను అలాగే ఇవ్వండి. 2020 సంఖ్య పక్కన, అది గోప్యత కోసం సవరించి ప్రచురించినదని ఒక మాట చేర్చండి. ధోరణి చెప్పవలసి వస్తే ఊరి సంఖ్యను వదిలి కౌంటీ సంఖ్య తీసుకోండి. 1,810లో ఒకటి రెండు తేడా వచ్చినా మీ వాదనకు ఏమీ కాదు. ఊరివాళ్ళు అర్జీ పెట్టి ఈ 2ను 1గా దిద్దించుకోవచ్చు కదా అని మీ చివరి పంక్తిలో అడిగారు. 2020 లెక్కల మీద అభ్యంతరాలు తీసుకునే విధానం 2023 జూన్ దాకా ఉన్న మాట నిజమే, కానీ అది హద్దులు తప్పుగా గీసినప్పుడు, ఇళ్ళు పొరపాటున పక్క ఊరిలో నమోదైనప్పుడు పనికివచ్చేది. కావాలని కలిపిన కల్తీని తీయమంటే వారు తీసేవారు కాదు.